జింక అందరిది, నేల ఒకరిది: అమెరికాలో ప్రైవేటు భూమిలో వేటకు అనుమతి

అమెరికాలో జింకను వేటాడాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి. ఒకరు రాష్ట్ర ప్రభుత్వం, రెండోవారు ఆ భూమి సొంతదారు. ఏ జంతువును, ఏ నెలల్లో, ఎన్నింటిని, ఏ ఆయుధంతో కొట్టవచ్చో ప్రభుత్వం చెబుతుంది, అందుకు లైసెన్సు ఇస్తుంది. ఆ లైసెన్సు జేబులో ఉన్నంత మాత్రాన ఎవరి పొలంలోకీ అడుగుపెట్టే హక్కు రాదు. సొంతదారు "సరే, వచ్చి వేటాడుకో" అన్నంత మాత్రాన ప్రభుత్వం పెట్టిన సీజనూ, పరిమితీ చెల్లకుండా పోవు. జింక మీద మాట ప్రభుత్వానిది, నేల మీద మాట రైతుది. వేట అనుమతి గురించి అమెరికాలో నడిచే మర్యాదలూ, తగాదాలూ, కోర్టు కేసులూ అన్నీ ఈ ఒక్క చీలిక నుంచే పుట్టాయి.

ఇది ఎక్కడో ఒక మూల విషయం కాదు. 2022 నాటి జాతీయ సర్వే ప్రకారం అమెరికాలో పదహారేళ్ళు దాటిన వేటగాళ్ళు 1 కోటి 44 లక్షల మంది. దేశం నేలలో దాదాపు 60 శాతం ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో ఉంది. టెక్సాస్‌లో అయితే సుమారు 95 శాతం. అంటే అక్కడ మామూలు వేటగాడికి ఎవరో ఒకరి గేటు తట్టక తప్పదు.

జంతువును నేల నుంచి ఇలా విడదీయడం వెనుక పాత కోపం ఒకటి ఉంది. ఇంగ్లండులో వేట పెద్దింటివాళ్ళ హక్కుగా ఉండేది. 1671 నాటి వేట చట్టం ప్రకారం, ఏడాదికి వంద పౌండ్ల రాబడి ఇచ్చే సొంత భూమి ఉంటేనే మనిషి వేటకు అర్హుడు. తన చేలో పంట తింటున్న కుందేలును కూడా చిన్న రైతు కొట్టడానికి లేదు. ముఖానికి మసి పూసుకుని జింకల కోసం వచ్చేవాళ్ళకు ఉరిశిక్ష వేసే చట్టం 1723లో వచ్చింది. ఆస్తి ఉంటేనే వేట అన్న నియమం 1831లో గానీ పోలేదు. మన దగ్గరా పెద్ద తేడా లేదు. హైదరాబాద్ వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి, మెదక్ వైపు పోచారం ఒకప్పుడు నిజాం వేట మైదానాలు.

ఆ ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాళ్ళు కొత్త దేశంలో మళ్ళీ అదే పరిస్థితి రాకూడదని గట్టిగా అనుకున్నారు. 1776లో పెన్సిల్వేనియా రాసుకున్న రాజ్యాంగం ప్రజలకు తమ భూముల్లోనూ, కంచె వేయని ఇతరుల భూముల్లోనూ తగిన కాలాల్లో వేటాడే స్వేచ్ఛ ఇచ్చింది. మరుసటి ఏడాది వెర్మాంట్ కూడా అలాగే రాసుకుంది. ఆ మాట వెర్మాంట్ రాజ్యాంగంలో ఇప్పటికీ ఉంది. అడవి జంతువులు ప్రజల తరఫున రాష్ట్రం చేతిలో ఉంటాయని 1896లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పులోని యాజమాన్య వాదనను 1979లో అదే కోర్టు పక్కన పెట్టినా, వేటను నియంత్రించే అధికారం మాత్రం రాష్ట్రాల దగ్గరే ఉండిపోయింది. 1922లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ హోమ్స్ ఒక కేసులో ఇంకో ముఖ్యమైన విషయం గుర్తించారు. ఇంగ్లండులో పరాయి నేల మీద అడుగు పెట్టడమే తప్పు కావచ్చు. కానీ కంచె లేని, సాగులో లేని విశాలమైన భూములున్న ఈ దేశంలో, సొంతదారు వద్దనేదాకా జనం తిరగవచ్చన్నది అందరికీ తెలిసిన ఆచారమని ఆయన రాశారు.

ఆ ఆచారం నేడు అన్నిచోట్లా లేదు. రాష్ట్రానికో రకంగా విడిపోయింది. ఇక్కడే కొత్తవాళ్ళు దెబ్బతింటారు.

మెయిన్, వెర్మాంట్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో పాత పద్ధతి ఇంకా బతికే ఉంది. బోర్డు పెట్టని నేల తెరిచి ఉన్నట్టే లెక్క. వేట వద్దనుకునే సొంతదారే ఆ సంగతి తెలియజేయాలి. వెర్మాంట్‌లో అయితే ఆ బోర్డుల మీద ఏటా తేదీ వేయాలి, ఏటా టౌన్ క్లర్కు దగ్గర ఐదు డాలర్లు కట్టి నమోదు చేయించాలి. భూమి మూసుకోవడం కాస్త కష్టంగా, తెరిచి ఉంచడం తేలికగా ఉండేలా చట్టమే చూసిందన్నమాట. నార్త్ డకోటాలోనూ బోర్డు లేకపోతే వేటకు తెరిచినట్టే. అయితే 2021లో వచ్చిన చట్టంతో సొంతదారు తన భూమిని ఆన్‌లైన్‌లో మూసేసుకునే వీలు కలిగింది. కాబట్టి అక్కడ పొలం గట్టు మీద ఏమీ కనిపించకపోయినా ఫోన్ తీసి మ్యాపు చూడాల్సిందే.

ఒహాయో ఇందుకు పూర్తిగా తిరగబడ్డ పద్ధతి. రాతపూర్వక అనుమతి తప్పనిసరి, వేటకు వెళ్ళినప్పుడు ఆ కాగితం దగ్గరే ఉండాలి. టెక్సాస్‌లో బోర్డు ఉన్నా లేకపోయినా సొంతదారు ఒప్పుకోకుండా వేటాడటం నేరం. అది కూడా జరిమానాతో పోయే చిన్న నేరం కాదు. వైట్‌టెయిల్ జింకను అలా చంపితే జైలుకు వెళ్ళాల్సిన ఫెలనీ, అంటే పెద్ద నేరం కేసు అవుతుంది.

వీటికి తోడు ఊదా రంగు ఒకటి ఉంది. బోర్డులను గాలి ఎగరేసుకుపోతుంది, ఆకతాయిలు పీకేస్తారు. అందుకని చెట్ల మీద, కంచె గుంజల మీద ఊదా రంగు పూస్తే బోర్డు పెట్టినట్టేనని 1989లో ఆర్కన్సాస్ చట్టం చేసింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. టెక్సాస్‌లో ఆ గీత నిలువుగా, కనీసం ఎనిమిది అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు ఉండాలి. గీత అడుగు భాగం నేల నుంచి మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తులో ఉండాలి. అక్కడ ఆ గీతకు అర్థం ఒక్కటే: లోపలికి రావద్దు. కాన్సస్‌లో అదే రంగుకు అర్థం వేరు: రాతపూర్వక అనుమతి ఉంటేనే వేట. రంగు తెలిసినంత మాత్రాన చాలదు, ఏ రాష్ట్రంలో నిలబడి దాన్ని చూస్తున్నామో కూడా తెలియాలి.

బోర్డు లేకపోతే అడగక్కర్లేదని చట్టం చెప్పే చోట కూడా అడిగి వెళ్ళడమే మంచిది. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పే మాట కాదు. ఆ నేల మీద ఆ రోజు పశువులు మేస్తున్నాయో, రైతు మనవడు ఏ చెట్టు కింద ఆడుకుంటున్నాడో, కలప కొట్టేవాళ్ళు ఎటువైపు ఉన్నారో తెలిసినవాడు సొంతదారు ఒక్కడే. తుపాకీ గుండుకు గట్లు తెలియవు.

అడగాలంటే ముందు ఎవరిని అడగాలో తెలియాలి. మన దగ్గర తెలంగాణలో భూభారతి, ఆంధ్రలో మీభూమి చూసినట్టే, అమెరికాలో ప్రతి కౌంటీ (మన జిల్లా లాంటిది) పన్నుల కార్యాలయం దగ్గరా ఏ ముక్క ఎవరి పేరున ఉందో రికార్డు ఉంటుంది. ఎక్కువ కౌంటీల్లో అది ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. ఆ రికార్డులన్నీ ఒకచోట చేర్చి, నిలబడ్డ చోటునుంచే హద్దులు చూపించే ఫోన్ యాప్‌లు కూడా వచ్చాయి. ఒకప్పుడు వేటగాడు కిరాణా కొట్లో, కాఫీ హోటల్లో వాకబు చేసి తెలుసుకున్న సంగతి ఇప్పుడు అరచేతిలో ఉంది.

అయినా చిక్కు తీరదు. రికార్డులో ఉన్న పేరు ఒక కంపెనీదో, ట్రస్టుదో కావచ్చు. ముసలాయన చనిపోయి భూమి నలుగురు పిల్లల ఉమ్మడి ఆస్తి అయి ఉండవచ్చు. వాళ్ళలో ఒకరు సరే అంటే మిగతావాళ్ళు పోలీసులను పిలిచిన సందర్భాలు ఉంటాయి. అన్నింటికన్నా తరచుగా ఎదురయ్యే చిక్కు కౌలు. ట్రాక్టర్ మీద కనిపించే మనిషి పట్టాదారు కాకపోవచ్చు. ఆయన మొక్కజొన్న పండించుకోవడానికి భూమి కౌలుకు తీసుకున్నాడు. వేటకు ఒప్పుకునే హక్కు ఆ కౌలు ఒప్పందంలో ఉందో లేదో చూడాలి. ఆయన మాట నమ్మి వెళ్ళిన వేటగాడికి, ఎక్కడో నగరంలో ఉండే అసలు సొంతదారు ఎదురుతిరిగితే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. పట్టాదారునూ కౌలు రైతునూ ఇద్దరినీ అడగడమే సరైన పద్ధతి. ఈ సంగతి తెలుగు పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక అడిగే తీరు. ఇక్కడ అనుభవజ్ఞులైన వేటగాళ్ళంతా దాదాపు ఒకే మాట చెబుతారు. సీజన్ మొదలయ్యే రోజు పొద్దున్నే అడవి రంగు బట్టలు తొడుక్కుని, బండిలో తుపాకీ పెట్టుకుని తలుపు తట్టకూడదు. ఆ వాలకం చూస్తేనే ఈ మనిషి ఎలాగూ లోపలికి వెళ్ళడానికే వచ్చాడని రైతుకు అనిపిస్తుంది. జింకల సీజన్ శరదృతువులో అయితే, వేసవిలోనో అంతకన్నా ముందో వెళ్ళాలి. కోతల హడావుడిలో, భోజనం వేళలో వెళ్ళకూడదు. నలుగురైదుగురు గుంపుగా వెళితే బెదిరించినట్టు ఉంటుంది. ఒక్కరో ఇద్దరో మామూలు బట్టల్లో వెళ్ళి, ఇంటి ముందు కనపడేలా బండి ఆపి, పేరూ ఊరూ పనీ చెప్పుకోవాలి.

అడిగేది స్పష్టంగా అడగాలి. "మీ భూమిలో వేటాడుకోవచ్చా?" అన్న ప్రశ్నకు కాదనడం చాలా తేలిక, ఎందుకంటే ఆ ప్రశ్నకు అంతు లేదు. ఏ జంతువు, ఏ తేదీలు, విల్లా తుపాకీనా, ఎంతమంది, బండి ఎక్కడ ఆపుతారు, చెట్టు మీద మంచె కడతారా అన్నవి ముందే చెబితే, ఆ మనిషి తన భూమిలో ఏం చేయబోతున్నాడో రైతు కళ్ళకు కనిపిస్తుంది. మొదటిసారే కొమ్ముల మగజింకను అడగడం కన్నా, రైతుకు తలనొప్పిగా ఉన్నదాన్ని అడగడం తెలివైన పని. సోయా చిక్కుడు తినే ఆడజింకలు, విత్తనాలు ఏరుకుతినే కాకులు, దూడల మీద పడే కయోటీలు (నక్కల్లాంటి జంతువులు) అలాంటివే. ఒక ఏడాది కాకుల కోసం వచ్చి గట్టు పాడుచేయకుండా వెళ్ళిన మనిషికి, రెండో ఏడాది జింకల కోసం గేటు తెరుచుకోవడం ఆ పల్లెల్లో మామూలే.

రైతు కాదంటే అక్కడితో ఆపాలి. కారణం అడగకూడదు, బతిమాలకూడదు. ఆయనకు కారణం చెప్పాల్సిన పని లేదు. తన అల్లుడు అక్కడ వేటాడతాడేమో, కిందటేడాది ఎవరో ఆవును కాల్చి చంపారేమో, జింకలంటే ఆయనకు ప్రేమేమో. థాంక్స్ చెప్పి, ఫోన్ నంబర్ రాసిన కాగితం ఇచ్చి రావాలి. అల్లుడు వేరే ఊరు వెళ్ళిపోయిన ఏడాది ఆ కాగితం పనికొస్తుంది.

రైతు భయాలు ఊహలు కావు. గేటు తెరిచి వదిలేస్తే రాత్రికి రాత్రే పశువులు రోడ్డెక్కుతాయి. అందుకే ఆ దేశపు పల్లెల్లో రాతి మీద చెక్కినట్టుండే నియమం ఒకటి ఉంది: గేటు మూసి ఉంటే మూసి వెళ్ళు, తెరిచి ఉంటే తెరిచి వెళ్ళు. తడి నేల మీద బండి నడిపితే పడిన చాళ్ళు వచ్చే పంటదాకా ఉంటాయి. ఖాళీ తూటా తొడుగులు, జింక పేగులు ఇంటికి కనపడే చోట వదిలేసి పోయినవాళ్ళ గురించి ప్రతి రైతూ ఒక కథ చెబుతాడు. వీటన్నిటికీ తోడు కోర్టు భయం ఉంది. తన నేల మీద ఎవరైనా మంచె మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే తన మీదే దావా వేస్తారేమో అని.

ఈ చివరి భయానికి చట్టం చాలా ముందుగానే మందు వేసింది. వినోదం కోసం ఉచితంగా జనాన్ని రానిచ్చే సొంతదారుకు ప్రమాదాల బాధ్యత బాగా తగ్గించే చట్టాన్ని 1953లో మిషిగన్ తెచ్చింది. 1965లో రాష్ట్రాల కోసం ఒక నమూనా చట్టం తయారైంది. ఇప్పుడు యాభై రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఇలాంటి చట్టం ఉంది. సొంతదారు కావాలని హాని చేయనంత వరకు, వచ్చినవాడి జాగ్రత్త వచ్చినవాడిదే అన్నది దీని సారాంశం. అయితే చాలా చోట్ల ఈ రక్షణ ఉచిత ప్రవేశానికే. రైతు డబ్బు తీసుకున్నాడంటే లెక్క మారిపోతుంది, ఇన్సూరెన్సు మాట వస్తుంది. అనుమతి అడగబోయే వేటగాడు తన రాష్ట్రంలోని ఈ చట్టం చదువుకుని వెళ్ళడం మంచిది. తలుపు దగ్గర నిలబడ్డ రైతుకు ఈ సంగతి తెలియకపోవడం వల్లే ఎన్నో అనుమతులు ఆగిపోతాయి.

నోటి మాట చాలా రాష్ట్రాల్లో చెల్లుతుంది. అయినా రాత మంచిది. చాలా వేట శాఖలు తామే ఒక చిన్న అనుమతి పత్రం తయారుచేసి ఉంచాయి. పేరు, తేదీలు, సంతకం ఉంటే చాలు. దాని విలువ ఏమిటో మాత్రం పొరబాటు లేకుండా తెలిసి ఉండాలి. అది హక్కు కాదు. ఆ మనిషికి మాత్రమే ఇచ్చిన సెలవు, ఎప్పుడైనా వెనక్కి తీసుకోదగ్గది. బావమరిదిని వెంట తీసుకెళ్ళడానికి అది పనికిరాదు. నిజానికి చెప్పకుండా స్నేహితుణ్ణి తీసుకెళ్ళి అనుమతి పోగొట్టుకున్నంతగా, వేరే ఏ తప్పువల్లా వేటగాళ్ళు పోగొట్టుకోరేమో.

కంచె దాటిన గాయపడ్డ జింక ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. అనుమతి ఉన్న పొలంలో బాణం తగిలింది, జింక పరుగెత్తి పక్క పొలంలో పడింది. వేట నీతి ప్రకారం దాన్ని బాధతో వదిలేయకూడదు, వృథా చేయకూడదు. చట్టం ప్రకారం మాత్రం చాలా రాష్ట్రాల్లో, టెక్సాస్‌లో కూడా, పక్క సొంతదారు ఒప్పుకోకుండా ఒక్క అడుగు వేయకూడదు. మిన్నెసోటా కాస్త దయ చూపింది. బోర్డు లేని నేల అయితే గాయపడ్డ జంతువు కోసం నడిచి వెళ్ళనిస్తుంది. సౌత్ డకోటా చిన్న జంతువులు, పక్షుల విషయంలో ఆయుధం లేకుండా వెళ్ళి తెచ్చుకోనిస్తుంది. అందుకే బుద్ధిమంతులు సీజన్‌కు ముందే చుట్టుపక్కల నాలుగు పొలాలవాళ్ళనూ పలకరించి పెట్టుకుంటారు. మంచెను గట్టు పక్కన కాకుండా పొలం లోపలికి కట్టుకుంటారు.

ఇంతవరకూ చెప్పింది ఉచిత అనుమతి. అది తగ్గిపోతోంది. దాని చోటులోకి వేట కౌలు వస్తోంది. టెక్సాస్‌లో ఇది దశాబ్దాలుగా పెద్ద వ్యాపారం. ఎకరానికి ఇంత అని ఏడాదికి కట్టి, కొందరు వేటగాళ్ళు కలిసి ఒక ర్యాంచి (పశువులు పెంచే పెద్ద క్షేత్రం) మొత్తాన్ని తమకే అట్టిపెట్టుకుంటారు. డబ్బుకు వేట హక్కు ఇచ్చే సొంతదారు అందుకు రాష్ట్రం నుంచి విడిగా లైసెన్సు తీసుకోవాలి. కరువు ఏడాది పశువుల మీద రాని డబ్బు జింకల మీద వస్తుంది, దాంతో భూమి ముక్కలై ప్లాట్లు కాకుండా నిలుస్తుంది. ఇది రైతు వైపు నుంచి న్యాయమైన వాదనే. అయితే వేట కౌలు పెరిగిన ప్రతి కౌంటీలోనూ, తాతల నాటి నుంచి పలకరింపుతో వెళ్ళి వేటాడుకున్న మెకానిక్కుకూ, స్కూలు బస్సు డ్రైవరుకూ గేటు మూసుకుపోతుంది. ఆస్తి ఉన్నవాడికే వేట అన్న 1671 నాటి నియమాన్ని కాదనుకుని పుట్టిన దేశంలో, చట్టం మారకుండానే ధర అదే పని చేస్తోంది. జింక అందరిదీ అన్న మాట కాగితం మీద నిలిచే ఉంది. దాని దగ్గరికి వెళ్ళే దారికి మాత్రం అద్దె కట్టాలి.

టెక్సాస్‌లోనే మనవాళ్ళు ఆగి చూడాల్సిన విచిత్రం ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. 1930ల్లో దాన్ని టెక్సాస్ కొండ ప్రాంతపు ర్యాంచీల్లోకి వదిలారు. ఆ రోజుల్లోనే మన చుక్కల దుప్పి, మనుబోతు కూడా వెళ్ళాయి. మూడూ అక్కడి ఎండకు అలవాటుపడి బాగా పెరిగాయి. అవి అక్కడి సొంత జంతువులు కావు కాబట్టి రాష్ట్రం వాటికి సీజన్ పెట్టలేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ పెట్టలేదు. వేట లైసెన్సు ఉండి, సొంతదారు ఒప్పుకుంటే ఏడాదిలో ఏ రోజైనా కృష్ణజింకను కొట్టవచ్చు. పక్కనే మేసే వైట్‌టెయిల్ మాత్రం ఎనిమిది అడుగుల కంచె లోపల ఉన్నా ప్రజల ఆస్తే.

అదే కృష్ణజింక నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరపు చేలలో మందలుగా వచ్చి పంట తినిపోతుంటే, రైతు అదిలించడం తప్ప ఏమీ చేయడానికి లేదు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణ తర్వాత, వినోదం కోసం వేటను పూర్తిగా మూసేసింది. కృష్ణజింక ఆ చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉంది. భూమి ఎవరిదన్న ప్రశ్నకే ఇక్కడ చోటు లేదు. పట్టాదారు తన సొంత పొలంలో తానే వేటాడినా నేరమే, ఆయన ఇంకొకరికి ఇచ్చే అనుమతికి పూచికపుల్ల విలువ కూడా ఉండదు. పంటను నాశనం చేసే జంతువు విషయంలో అధికారి ప్రత్యేకంగా ఉత్తర్వు ఇస్తేనే తుపాకీ లేస్తుంది. తెలంగాణలో అడవి పందుల మీద అలాంటి ఏర్పాటు ఉంది. సర్పంచ్‌కు అధికారం ఇచ్చి, ప్రభుత్వ జాబితాలో ఉన్న షూటర్లతోనే చంపించాలని పెట్టారు. ఈ దారి దూరం అనిపించిన చోట రైతులు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. ఆ తీగకు పంది కన్నా ముందు పక్క చేను రైతో, పశువుల కాపరో బలైన వార్తలు ప్రతి సీజన్‌లోనూ వస్తూనే ఉన్నాయి. టెక్సాస్ అడవి పందుల విషయంలో వేరే కొస పట్టుకుంది. 2019 నుంచి ప్రైవేటు భూమిలో సొంతదారు సరే అంటే పందిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. అక్కడి పద్ధతిని తెచ్చి ఇక్కడ పెట్టమనడం తెలివి కాదు. ఇక్కడి ఎకరం రెండెకరాల కమతాల మధ్య గుండు ఎటు పోయినా మనిషికే తగులుతుంది. కానీ రైతు అడిగిన అనుమతికి రోజుల్లో జవాబు రావాలన్న కోరిక న్యాయమైనది.

ఉచిత అనుమతి తగ్గుతున్నప్పుడు ప్రభుత్వమే మధ్యలో నిలబడిన రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి. మోంటానాలో 1985లో మొదలైన ఏర్పాటు ప్రకారం, వేటగాళ్ళను రానిచ్చే ర్యాంచి యజమానికి రాష్ట్రమే డబ్బు ఇస్తుంది. ఆ డబ్బు వేట లైసెన్సుల రాబడి నుంచే వస్తుంది. వేటగాడు వచ్చి పేరు రాసి లోపలికి వెళ్తాడు, జేబు నుంచి ఏమీ తీయడు. ఇలా తెరుచుకునే ప్రైవేటు భూమి లక్షల ఎకరాల్లో ఉంటుంది. కాన్సస్ 1995లో ఇలాంటిదే మొదలుపెట్టింది. 2008 నాటి ఫార్మ్ బిల్లు (కేంద్ర వ్యవసాయ చట్టం) ఈ పథకాలకు కేంద్రం నుంచి కూడా డబ్బు వచ్చే దారి వేసింది. కౌలు మార్కెట్‌కు సరైన జవాబు ఇదే. రైతుకు రాబడి దక్కుతుంది, ప్రమాదాల బాధ్యత తగ్గుతుంది, పొలానికి ఎందరు వస్తారో ముందే తెలుస్తుంది. డబ్బు లేనివాడికీ జింక అందుతుంది. ప్రతి రైతూ ఒప్పుకోడు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు.

అడిగినా దారి దొరకని చోట ఏమవుతుందో వ్యోమింగ్ చూపించింది. పందొమ్మిదో శతాబ్దంలో రైలుమార్గాలు వేసిన కంపెనీలకు ప్రభుత్వం దారి పొడవునా ఒక చదరపు మైలు ఇచ్చి, పక్కది తన దగ్గర ఉంచుకుంటూ పోయింది. నేల చదరంగం బల్లలా తయారైంది. ప్రభుత్వ గడి నుంచి ఇంకో ప్రభుత్వ గడికి మూల దగ్గర మాత్రమే దారి ఉంటుంది. 2021లో మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళు అలాంటి మూల మీద నిచ్చెన వేసి, ప్రైవేటు నేలకు కాలు తగలకుండా దాటారు. నేల మీది గాలి కూడా తనదేనని ర్యాంచి యజమాని కోర్టుకు వెళ్ళాడు. 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు వేటగాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. ప్రభుత్వ భూమికి దారి మూసేయకూడదన్న 1885 నాటి చట్టం అందుకు ఆధారం. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. ఆ తీర్పు ఆరు రాష్ట్రాలకు వర్తిస్తుంది. అది మూల దాటడం వరకే. ప్రైవేటు గడిలో ఒక్క అడుగు వేయాలన్నా మళ్ళీ అడగాల్సిందే.

అమెరికాలోని తెలుగువాళ్ళకు ఈ విషయం రెండు వైపుల నుంచీ తగులుతుంది. వేట మీద ఆసక్తి కలిగినవాళ్ళు ముందు వీసా చూసుకోవాలి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం అందులోని మినహాయింపుల్లో ఒకటి. లైసెన్సు గడువు తీరిన మర్నాడు స్నేహితుడి తుపాకీ పట్టుకుని ఫొటో దిగడం కూడా చిక్కే. అనుమతి లేకుండా పొలంలోకి వెళ్ళి కేసు అయితే, ఆ తర్వాత నింపే చాలా ఇమ్మిగ్రేషన్ కాగితాల్లో దాని గురించి చెప్పాల్సి రావచ్చు. ఈ టెన్షన్ కన్నా ఒక సంతకం కాగితం చాలా తేలిక. మొదటి అడుగు వేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడటం ఇంకా మంచిది.

రెండో వైపు భూమి. డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఎకరాల లెక్కన నేల కొన్నవాళ్ళ గేటు దగ్గరికి, సీజన్‌కు ముందు ఎవరో ఒకరు టోపీ చేత పట్టుకుని వస్తారు. బెదరాల్సింది ఏమీ లేదు. కొన్నవాళ్ళు నగరంలో ఉంటే, నెలకు నాలుగుసార్లు ఆ నేల చూసి వచ్చి, కంచె తెగిందని ఫోన్ చేసే మనిషి దొరకడం లాభమే. పేరు, లైసెన్సు, బండి నంబర్, తేదీలు రాయించుకోవాలి. ఇల్లు ఎటుందో, ఎటు గురిపెట్టకూడదో చూపించాలి. డబ్బు తీసుకునే ఆలోచన ఉంటే ముందు ఇన్సూరెన్సు సంగతి తేల్చుకోవాలి. ఇప్పటికే వ్యవసాయ భూమిగా పన్ను తగ్గింపు ఉన్న నేలను, 1995లో టెక్సాస్ ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణ వల్ల, వన్యప్రాణుల సంరక్షణ కింద కూడా అదే తగ్గింపుతో నడపవచ్చు. నీటి తొట్టి పెట్టడం, మేత ఇవ్వడం, గూళ్ళు కట్టడం, జంతువులను లెక్కించడం లాంటి ఏడు పనుల్లో కనీసం మూడు చేయాలి. అనుమతి అడగడానికి వచ్చిన వేటగాడు ఆ పనుల్లో సగం సంతోషంగా తానే చేస్తాడు.

వేటగాడి వైపు నుంచి చూస్తే అనుమతి నిలిచేది సీజన్ అయిపోయాక చేసే పనులతోనే. మాంసంలో కొంత తీసుకెళ్ళి ఇవ్వడం, తెగిన తీగ కట్టడం, ఎండుగడ్డి మోపులు ఎత్తే రోజు ఒక చేయి వేయడం, క్రిస్మస్‌కు కార్డు పంపడం. పది పదిహేనేళ్ళు ఇలా నడిచిన బంధాలు ఆ పల్లెల్లో ఇంకా చాలానే ఉన్నాయి. ముసలి రైతు భూమి అమ్మిన రోజున మాత్రం వాటికి కాగితం మీద విలువేమీ మిగలదు. కొత్త సొంతదారు ఎవరో కౌంటీ రికార్డులో చూసుకుని, మామూలు బట్టలు వేసుకుని, వేసవిలో ఒక సాయంత్రం మళ్ళీ అదే గేటు దగ్గరికి వెళ్ళి మొదటిసారి అడిగినట్టే అడగాలి.